బ్యాటరీ పోతే డబ్బెవరిస్తారు?

ఎలక్ట్రిక్ కారుకు వారంటీ ఉంటుంది, ఇన్సూరెన్సూ ఉంటుంది. రెండూ చేతిలో ఉన్నా, బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఓనర్లు రెంటికీ చెడ్డ రేవడి ఎందుకవుతున్నారు?

సర్వీస్ సెంటర్‌లో లిఫ్ట్ మీద ఎత్తిన ఎలక్ట్రిక్ కారు కింద నిలబడి ఒకసారి పైకి చూడండి. పెట్రోలు కారుకైతే సైలెన్సర్ గొట్టం, ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్ కనిపిస్తాయి. ఇక్కడ అవేవీ ఉండవు. ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా పరుచుకున్న ఒకే ఒక చదునైన లోహపు పెట్టె ఉంటుంది. చుట్టూ వరసగా బోల్టులు, ఒక అంచున కూలెంట్ గొట్టాలు, నారింజ రంగు తొడుగుతో లావుపాటి హై వోల్టేజీ కేబుళ్లు. పెట్టె అడుగున ఊళ్లోని స్పీడ్ బ్రేకర్లన్నీ గీసిన గీతలు. వాటిలో ఒకటి గీతలా కాక, బొటనవేలు పట్టేంత సొట్టలా ఉంటే తగువు అక్కడే మొదలవుతుంది.

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగి, బండి ముందుకు కదలనంటే ఓనరు దాన్ని సర్వీస్ సెంటర్‌కు చేరుస్తాడు. అక్కడివాళ్లు సొట్ట చూపించి, ‘‘బయటి దెబ్బ సార్, ఇది వారంటీ కిందికి రాదు. ఇన్సూరెన్స్‌లో పెట్టుకోండి’’ అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి అదే సొట్ట చూసి, ‘‘ఈ దెబ్బ పాతది. లోపల సెల్ పోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఇది ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, వారంటీలో అడగండి’’ అంటాడు. ఇద్దరి మాటా చేతిలోని కాగితాల ప్రకారం తప్పు కాదు. కారు మాత్రం లిఫ్ట్ మీదే ఉంటుంది, నెలనెలా ఈఎంఐకి బ్యాంకు ఖాతాలో కోత పడుతూనే ఉంటుంది.

ఈ కార్ల ధరలో మూడో వంతు నుంచి దాదాపు సగం దాకా ఉండేది బ్యాటరీయే. ఎలక్ట్రిక్ కారు కొంటే జీఎస్టీ 5 శాతం. అదే బ్యాటరీని విడిగా కొనాల్సి వస్తే 18 శాతం. అంటే పోయాక మార్చుకోవడం కొన్నప్పటి లెక్కల కంటే భారం. ‘కంపెనీ ఎనిమిదేళ్ల వారంటీ ఇచ్చింది, ఇన్సూరెన్స్ ఫుల్ కవర్ చేయించాం, ఇంకేం భయం’ అనుకునే కుటుంబాలు ఆ రెండు కాగితాల్లో ఏముందో కొనే రోజే తెలుసుకోవాలి. పాడైన రోజున చదివితే అప్పటికే ఆలస్యం.

లోపలి జబ్బు, బయటి దెబ్బ

స్థూలంగా విభజన ఇది: తయారీలో ఉన్న లోపం వల్ల బ్యాటరీ చెడిపోతే వారంటీ. బయటి నుంచి ఏదైనా వచ్చి పడితే, అంటే యాక్సిడెంటు, మంట, వరద, దొంగతనం, పిడుగు లాంటివైతే ఇన్సూరెన్స్. ఏదీ జరగకుండా వయసు మీద పడి నెమ్మదిగా శక్తి తగ్గిపోతే ఇన్సూరెన్స్ అసలు పలకదు. వారంటీ ఒక గీత దాటాకే పలుకుతుంది.

ఈ గీత కథ తెలుసుకోదగ్గది. 2012 వేసవిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో నిస్సాన్ లీఫ్ కార్ల ఓనర్లకు ఓ సంగతి కంటపడింది. ఆ కారు డ్యాష్‌బోర్డులో బ్యాటరీ సామర్థ్యాన్ని 12 గడులుగా చూపిస్తుంది. కొని ఏడాది, ఏడాదిన్నర కాకుండానే గడులు ఒక్కొక్కటిగా మాయమవడం మొదలైంది. ఎడారి ఎండ, పైగా ఆ బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ లేదు. కంపెనీ దగ్గరికి వెళ్తే, వారంటీ లోపాలకే తప్ప సామర్థ్యం తగ్గడానికి కాదన్నారు. కాగితం మీద నిజంగానే అలాగే రాసి ఉంది. ఓనర్లు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. కంపెనీ కొన్ని కార్లను తన పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లి చూసింది. చివరికి అదే ఏడాది డిసెంబరులో, ఐదేళ్లు లేదా 60 వేల మైళ్లలోపు 12 గడుల్లో 9 కంటే తక్కువకు పడిపోతే బాగుచేస్తామని ప్రకటించింది. తొమ్మిది గడులంటే దాదాపు 70 శాతం. ఇవాళ షోరూముల్లో వినిపించే ఆ 70 శాతం మాటకు వెనక, ఎండదేశంలో కారు కొని మోసపోయామని తిరగబడ్డ జనం ఉన్నారు. రెంటచింతల, రామగుండం ఎండలెరిగిన మనకు ఆ కథ పరాయిది కాదు.

ఆ తర్వాత ఈ లెక్క అంతర్జాతీయ నిబంధనల్లోకి వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2022లో ఆమోదించిన నిబంధన ప్రకారం కారు బ్యాటరీకి ఐదేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల దాకా 80 శాతం, ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కి.మీ. దాకా 70 శాతం సామర్థ్యం మిగలాలి. ఐరోపా యూరో 7 చట్టంలో రెండో అంకెను 72కు పెంచింది. మన దేశంలో 2022 డిసెంబరు నుంచి దశలవారీగా బిగించిన ఏఐఎస్ (ఆటోమోటివ్ ఇండస్ట్రీ స్టాండర్డ్స్) ప్రమాణాలు బ్యాటరీ అంటుకోకుండా చూసే భద్రత గురించినవి. ఎనిమిదేళ్లకు ఎంత మిగలాలో చెప్పేది మాత్రం కంపెనీ ఇచ్చే వారంటీ పుస్తకమే.

వారంటీ పుస్తకంలో చిన్న అక్షరాలు

మన మార్కెట్లో కార్ల బ్యాటరీకి ఎక్కువగా కనిపించే వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కి.మీ., ఏది ముందైతే అది. స్కూటర్లలోనూ ఎనిమిదేళ్లు, 80 వేల కి.మీ. అంటూ ఏథర్, ఓలా లాంటి కంపెనీలు ముందుకొచ్చాయి. ఈ మధ్య పోటీ పెరిగి ‘జీవితకాల వారంటీ’ దాకా వచ్చింది. ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ, టాటా హారియర్ ఈవీ ఈ మాటతోనే అమ్ముడవుతున్నాయి. మంచి పరిణామమే. అయితే జీవితకాలం అన్నది మొదటి ఓనరుకు, ప్రైవేటు రిజిస్ట్రేషన్‌కు. టాటా లెక్కలో జీవితకాలమంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు. బండి చేతులు మారిందా, మహీంద్రాలో రెండో ఓనరుకు పదేళ్లు లేదా రెండు లక్షల కిలోమీటర్లు, విండ్సర్‌లో ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కి.మీ. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అమ్మేవాడి నోటిమాట నమ్మి ‘లైఫ్‌టైమ్ ఉందట’ అనుకుంటే చేజేతులా నష్టపోతారు. వారంటీ తమ పేరున మారినట్టు కంపెనీ నుంచి కాగితం తీసుకోవాలి.

ట్యాక్సీగా తిప్పేవాళ్ల లెక్క ఇంకా కఠినం. రోజుకు 200 కి.మీ. తిరిగే బండికి 1,60,000 కి.మీ. నిండడానికి 800 రోజులు చాలు. ఎనిమిదేళ్ల వారంటీ రెండేళ్ల రెండు నెలలకే అయిపోయినట్టు. అప్పు తీరదు, వారంటీ తీరిపోతుంది. క్యాబ్ నడిపి బతికే కుర్రాళ్లకు షోరూములో ఈ లెక్క కాగితం మీద వేసి చూపించే సేల్స్‌మన్ ఉండాలని నా కోరిక.

ఇక మినహాయింపులు. కంపెనీ ఆమోదించని ఛార్జర్, సర్వీసు గడువు దాటడం, పెట్టెను బయట ఎవరిచేతో విప్పించడం, నీళ్లలో మునగడం, బయటి దెబ్బ, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలా కంపెనీల పుస్తకాలు వారంటీని దూరం పెడతాయి. ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గు కూడా ఈ జాబితాలోకే వస్తుంది. పాత ఇళ్లలో ఎర్తింగ్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో ఇంట్లోవాళ్లకే తెలియదు. వేసవిలో గుంత ఎండిపోతే ఛార్జర్ మొరాయిస్తుంది. ఛార్జింగ్ పాయింటు పెట్టించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ కొలిపించి, ఆ రీడింగ్ రాసిన బిల్లు దాచుకుంటే రేపు పనికొస్తుంది.

మన ఇళ్లలో మామూలుగా జరిగే ఇంకోటి ఉంది. పిల్లలు అమెరికాలో ఉన్నారని తల్లిదండ్రులు ఆరు నెలలు వెళ్లి వస్తారు. కారు గ్యారేజీలో కవరు కప్పుకుని ఉంటుంది. బయల్దేరే హడావిడిలో ఛార్జింగ్ పది శాతం దగ్గరే ఉండిపోతుంది. వాడకపోయినా బ్యాటరీ కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుంది. పూర్తిగా అడుగంటి అలాగే నెలల తరబడి ఉంటే సెల్స్ మళ్లీ కోలుకోవు. దాన్ని కంపెనీ ‘నిర్లక్ష్యం’ అంటుంది, ఇన్సూరెన్స్ ‘ప్రమాదమే జరగలేదు కదా’ అంటుంది. సగం ఛార్జింగుతో వదిలి, తాళాలు పక్కింటివాళ్లకో తమ్ముడికో ఇచ్చి నెలకోసారి చూసుకోమని చెప్పి వెళ్లండి.

బండి కదలకపోతే పెద్ద బ్యాటరీయే పోయిందని కంగారు పడనక్కర్లేదు కూడా. ఎలక్ట్రిక్ కార్లలోనూ తాళాలు, లైట్లు, కంప్యూటర్లకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది డౌన్ అయినా కారు మొత్తం చచ్చినట్టే ఉంటుంది. దాని వారంటీ వేరు, కాలమూ తక్కువ. మార్చడానికి ఖర్చు వేలల్లోనే అయిపోతుంది.

‘ఫుల్ ఇన్సూరెన్స్’లో ఏముంది?

ఇన్సూరెన్స్ సంగతికొస్తే, అసలు తమ దగ్గర ఏ ఇన్సూరెన్స్ ఉందో తెలియనివాళ్లే ఎక్కువ. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. దాంతో పాటు సాధారణంగా మొదటి ఏడాదికి మాత్రమే సొంత నష్టం కవరు అమ్ముతారు. ఏడాది తిరిగేసరికి ఆ రెండోది ఆగిపోతుంది. ఓనరు మాత్రం ‘ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది’ అనుకుంటూ తిరుగుతుంటాడు. థర్డ్ పార్టీ ఎదుటివారికి జరిగిన నష్టానికే. మీ బ్యాటరీ కాలినా, మునిగినా అందులో నుంచి పైసా రాదు. ఎలక్ట్రిక్ వాహనాలకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 15 శాతం తగ్గింపు ఉంది. 30 కిలోవాట్లలోపు కారుకు 2022లో నిర్ణయించిన ధర ఏడాదికి రూ.1,780. ఆ చౌక చూసి అంతటితో సరిపెట్టుకుంటే అసలు ఆస్తికి గొడుగే లేనట్టు.

సొంత నష్టం కవరు ఉంటే, అందులో ఏమేం వస్తాయో రాసిన జాబితా బాగానే ఉంది: అగ్నిప్రమాదం, పేలుడు, దానంతట అదే అంటుకోవడం, పిడుగు, దొంగతనం, భూకంపం, వరద, తుపాను, బయటి ప్రమాదం, అల్లర్లు. ‘దానంతట అదే అంటుకోవడం’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఛార్జింగులో ఉండగా బ్యాటరీ లోపలే రాజుకుని కారు తగలబడితే, ‘ఇది తయారీ లోపం, మాకు సంబంధం లేదు’ అని ఇన్సూరెన్స్ కంపెనీ తప్పించుకోవడానికి లేదు. ముందు మీకు చెల్లించి, ఆ తర్వాత కావాలంటే తయారీదారు నుంచి అది రాబట్టుకోవచ్చు. అదే బ్యాటరీ కాలకుండా ఊరికే పనిచేయడం మానేస్తే మాత్రం, అదే పాలసీలో మినహాయింపుల కింద ‘అరుగుదల, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్’ అని రాసి ఉంటుంది. కాలితే డబ్బు వస్తుంది, చల్లగా చనిపోతే రాదు. వినడానికి అన్యాయంగా ఉన్నా పాలసీ ఇదే చెబుతుంది.

డబ్బు వచ్చే చోట కూడా ఎంత వస్తుందన్నది ఇంకో చిక్కు. మన మోటార్ పాలసీల మాటలకు మూలం 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్. ప్రీమియం ధరల మీద దాని పట్టు 2007లో పోయింది గానీ, మాటలు మాత్రం చాలా పాలసీల్లో ఇంకా అవే. ఆ పట్టికలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీలు అన్నిటికీ కలిపి 50 శాతం తరుగు అని రాశారు. 2002లో బ్యాటరీ అంటే బానెట్ కింద ఉండే, మూడు నాలుగేళ్లకోసారి మార్చేసే డబ్బా. కారు ధరలో సగం తినే ఆరు లక్షల పెట్టె ఆ రాసినవాళ్ల ఊహలో కూడా లేదు. ఆ ఒక్క ముక్క ఇవాళ కుటుంబాల మీద ఎలా పడుతుందో ఒక లెక్క వేసి చూద్దాం.

పదిహేను లక్షల కారు, కొని మూడున్నరేళ్లయింది అనుకోండి. యాక్సిడెంటులో అడుగు పెట్టె పగిలింది. కొత్త బ్యాటరీ ఆరు లక్షలన్నారు. బ్యాటరీని 50 శాతం గీతలో వేస్తే మూడు లక్షలు మీ జేబులోంచి. అదే దాన్ని ‘మిగతా భాగాలు’ కింద లెక్కేస్తే మూడు నుంచి నాలుగేళ్ల కారుకు తరుగు 25 శాతమే, మీరు పెట్టేది లక్షన్నర. ఒకే పాలసీ, ఒకే కారు. ఏ గీతలో రాశారన్న దాని మీదే లక్షన్నర తేడా. జీరో డిప్రిసియేషన్ కవరు ఉంటే ఈ బాధ తప్పుతుంది. ఎలక్ట్రిక్ కారుకు అది విలాసం కాదు, మొదటి రోజు నుంచే తీసుకోవాలి. చాలా కంపెనీలు దాన్ని ఐదేళ్ల దాకే ఇస్తాయి.

జీరో డెప్ ఉన్నా ఇంకో మలుపు ఉంది. బాగుచేసే ఖర్చు ఐడీవీలో, అంటే ఆ ఏడాదికి కారుకు కట్టిన విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద తీస్తారు. మన ఉదాహరణలో మూడున్నరేళ్ల కారుకు 40 శాతం తగ్గించి ఐడీవీ తొమ్మిది లక్షలు. 75 శాతమంటే ఆరు లక్షల డెబ్భై ఐదు వేలు. బ్యాటరీకి ఏడు లక్షలన్నారంటే తలుపులు, సీట్లు, మోటారు అన్నీ నిక్షేపంగా ఉన్నా కారును వదులుకోవాల్సిందే. చేతికొచ్చేది తొమ్మిది లక్షల్లోపు. అప్పు ఇంకా మిగిలి ఉంటే అందులోంచే కట్టాలి. ఆ ఏడాది పాలసీలో ‘రిటర్న్ టు ఇన్వాయిస్’ కవరు ఉన్నవాళ్లకు మాత్రం కొన్న ధర తిరిగొస్తుంది. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించి రాయించుకునే అలవాటు పెట్రోలు కార్లలో చెల్లిందేమో, ఇక్కడ నిలువునా ముంచుతుంది.

ఇప్పుడు చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ‘బ్యాటరీ ప్రొటెక్ట్’ లాంటి పేర్లతో అదనపు కవరు అమ్ముతున్నాయి. నీళ్లు చొరబడటం, షార్ట్ సర్క్యూట్, ఛార్జింగులో వోల్టేజీ ఎగసి దెబ్బతినడం లాంటివి ఇందులోకి వస్తాయి. ఏ కంపెనీ ఏది చేర్చింది, ఏది వదిలేసింది అన్నది మారుతుంది కాబట్టి ఏజెంటు చెప్పింది వినడం కాదు, పాలసీ వర్డింగ్ పీడీఎఫ్ తెప్పించుకుని ఆ పేజీ చదవాలి. ఛార్జరు, కేబులు కూడా ఉన్నాయా అని అడగాలి. బ్యాటరీని అద్దెకు ఇచ్చి, కిలోమీటరుకు ఇంతని వసూలు చేసే పథకంలో కారు కొన్నవాళ్లు, ఐడీవీలో బ్యాటరీ విలువ కలిసి ఉందో లేదో, టోటల్ లాస్ అయితే ఆ డబ్బు ఎవరికి వెళ్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. డీలరు కౌంటర్లో ‘బ్యాటరీ ఇన్సూరెన్స్’ అంటూ అమ్మేవాటిలో కొన్ని అసలు ఇన్సూరెన్సే కావు, ఎక్స్‌టెండెడ్ వారంటీలు. వాటి మీద తగువొస్తే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి ఉండదు.

బుడమేరు నేర్పింది

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వీధుల్లో బండ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకు ‘ఐపీ67’ అని గర్వంగా రాస్తారు. ఆ పరీక్ష అర్థం, ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచితే లోపలికి నీరు రాకూడదని. అరగంట వేరు, నాలుగు రోజులు వేరు. పైగా పరీక్షలో వాడేది శుభ్రమైన నీళ్లు, వీధిలో నిలిచేది డ్రైనేజీ కలిసిన బురద.

వరద కాబట్టి వారంటీ రాదు. సొంత నష్టం కవరు ఉంటే ఇన్సూరెన్స్ వస్తుంది. కానీ నీళ్లు దిగాక ఓనరు చేసే మొదటి పని మీద క్లెయిము నిలబడుతుంది లేదా కూలుతుంది. ‘ఒకసారి చూద్దాం’ అని బటన్ నొక్కితేనో, ఛార్జింగుకు పెడితేనో, ఆ తర్వాత జరిగిన నష్టాన్ని ‘పర్యవసాన నష్టం’ అని పక్కన పెట్టే అవకాశం ఉంది. దాని కంటే ముందు, తడిసిన హై వోల్టేజీ పెట్టె ప్రాణానికే ప్రమాదం. ముట్టుకోకుండా, గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో కారుతో కలిపి ఫొటో తీసి, ఇన్సూరెన్స్‌కు కబురు చేసి, ఫ్లాట్‌బెడ్ బండి మీదనే తరలించాలి. చక్రాలు నేల మీద దొర్లేలా లాక్కెళ్తే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, చెడిపోయేది ఇంకొంత చెడిపోతుంది.

మంటల సంగతి ఇంతకంటే బాధాకరం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, అదే నెల విజయవాడలో, ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి నిద్రలో ఉన్న మనుషులు చనిపోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన హోటల్ ఉన్న భవనంలో మంటలు రేగి ఎనిమిది మంది పోయారు. ఇలాంటి చోట మోటారు ఇన్సూరెన్స్ ఎంతవరకు వస్తుందో చూడండి. బండి కాలితే బండికి వస్తుంది. బండి నుంచి ఊడదీసి పడకగదిలో పెట్టిన బ్యాటరీ అయితే అక్కడే వాదన మొదలు. ఇల్లు కాలితే మోటారు పాలసీలోంచి రాదు, ఇంటికి విడిగా ఇన్సూరెన్స్ ఉండాలి. 2021 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’లో అగ్నిప్రమాదం ఉంది. ఓనరుకు తప్పనిసరిగా ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరు బండి నడుపుతున్నప్పుడు, ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు జరిగే ప్రమాదాలకే. ఇంట్లో నిద్రపోతూ పొగకు ఊపిరాడక పోయిన ప్రాణానికి అది పనికిరాదు. ఆ కుటుంబానికి మిగిలే దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం. లోపమున్న వస్తువు వల్ల ప్రాణం పోయినా, ఆస్తి పోయినా తయారీదారు నుంచి పరిహారం అడిగే హక్కు అందులో ఉంది.

గంటకు 25 కి.మీ. దాటని, 250 వాట్లలోపు మోటారున్న స్కూటర్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్సూ తప్పనిసరి కాదు. పదో తరగతి పిల్లలు ట్యూషన్‌కు వేసుకెళ్లేవి ఇవే. వాటి బ్యాటరీలు కూడా రాత్రంతా ఇళ్లలోనే ఛార్జ్ అవుతుంటాయి. దయచేసి పడుకునే గదిలో, బయటికెళ్లే దారికి అడ్డంగా పెట్టకండి.

కారణం ఎవరు రాయాలి?

వారంటీయా, ఇన్సూరెన్సా అన్న ప్రశ్నకు జవాబు చివరికి ఒక కాగితంలో ఉంటుంది. బ్యాటరీ ఎందుకు పోయిందో రాసిన రిపోర్టు అది. దాన్ని రాసేది ఎవరు? పెట్టె విప్పే పనిముట్లు, లోపలి డేటా చదివే సాఫ్ట్‌వేర్ ఉన్నది కంపెనీ సర్వీస్ సెంటర్ దగ్గరే. ఏ సెల్ ఎప్పుడు వేడెక్కింది, ఎంత వోల్టేజీకి పడింది, నీటి ఆనవాలు ఉందా అన్న చరిత్రంతా బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనే చిన్న బోర్డులో నమోదై ఉంటుంది. అది ఓనరు కంటికి కనబడదు, సర్వేయర్ కంటికీ కనబడదు. అంటే డబ్బు కట్టాల్సి రావచ్చన్న భయమున్న పక్షమే కారణం రాస్తోంది. ఇది సరికాదు. ఒక పక్షానికి తీర్పు రాసే కలం ఇచ్చి న్యాయం ఆశించలేం. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో, లోపాల చరిత్ర ఏమిటో ఓనరు అడిగిన రోజు ఉచితంగా ముద్రించి ఇవ్వాలన్న నిబంధన రావాలి. వారంటీ తిరస్కరించిన ప్రతిసారీ కారణం రాతలో, డేటాతో సహా ఇవ్వాలి.

రెండోది, బ్యాటరీలకు 50 శాతం అన్న ఆ పాత గీత. నడిపే బ్యాటరీని 12 వోల్టుల డబ్బా నుంచి విడదీసి, దానికి వయసును బట్టి, మిగిలిన సామర్థ్యాన్ని బట్టి తరుగు లెక్కేసే పద్ధతి అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండాలి. దీన్ని తేల్చాల్సిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఢిల్లీలోనో ముంబైలోనో కాదు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసి కొనమని ప్రోత్సహించింది. కొన్నాక జనం నష్టపోకుండా చూడటమూ ఆ ప్రోత్సాహంలో భాగమే కావాలి.

రీకాల్ మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఒకే బ్యాచ్‌లో లోపం బయటపడితే కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయాలి. వారంటీ ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. 2020 డిసెంబరులో హ్యుందాయ్ మన దేశంలో 456 కోనా కార్లను బ్యాటరీ తనిఖీకి పిలిచింది. 2022 ఏప్రిల్‌లో మంటల తర్వాత ఓలా 1,441 స్కూటర్లను, ఒకినావా 3,215 స్కూటర్లను వెనక్కి రప్పించాయి. 2021 ఏప్రిల్ నుంచి ఇలా రీకాల్ చేయించే అధికారం కేంద్రానికీ ఉంది. మీ బండి ఛాసిస్ నంబరు రీకాల్‌లో ఉందేమో కంపెనీ సైట్‌లో కొట్టి చూస్తే చాలు.

తగువు పడాల్సి వస్తే

ముందుగా నోటిమాటలు ఆపేయాలి. ‘రాదండీ’ అని కౌంటర్లో చెబితే ఏ నిబంధన కింద రాదో మెయిల్‌లో పెట్టమనండి. ఈ ఒక్క మాటతో కొన్ని తిరస్కరణలు అక్కడే మెత్తబడతాయి. పెట్టె విప్పే రోజు సర్వేయర్‌ను కూడా అక్కడికి రప్పించండి. విప్పేటప్పుడు వీడియో తీయండి. సొట్ట తగిలిన రోజునే ఫొటో తీసి కబురు చేసినవాళ్లకు ‘పాత దెబ్బ’ అన్న వాదన ఎదురుకాదు. చిన్న దెబ్బే కదా అని ఊరుకుంటే ఆరు నెలల తర్వాత అదే మెడకు చుట్టుకుంటుంది. వారంటీలో బాగుచేస్తే మీ నో క్లెయిమ్ బోనస్ చెక్కుచెదరదు కాబట్టి, కారణం లోపలిదని అనిపిస్తే ముందు వారంటీ తలుపే తట్టండి. వారంటీలో మార్చి ఇచ్చేది కొత్త బ్యాటరీయా, బాగుచేసినదా అనీ అడగండి. చాలా పుస్తకాల ప్రకారం రెండోది ఇచ్చినా చెల్లుతుంది, వారంటీ గడువు కూడా పాత తేదీ నుంచే నడుస్తుంది.

ఇన్సూరెన్స్ కంపెనీ కాదంటే మొదట వాళ్లకే రాతపూర్వక ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తేల్చగలరు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255.

కారు కంపెనీ మీద, డీలరు మీద అయితే మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల లోపు ధర పెట్టి కొన్న వస్తువులన్నీ అక్కడికే వస్తాయి. ఐదు లక్షల లోపైతే ఫీజే లేదు, పదిహేను లక్షల కారుకు రూ.400. బ్యాటరీ ఎందుకు పోయిందో కంపెనీ రిపోర్టు మీద నమ్మకం లేకపోతే, దాన్ని సీలు చేయించి తగిన ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను అడిగే వీలు వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్‌లో ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియక కంపెనీ రాసిన కారణాన్నే శిలాశాసనంలా తీసుకుంటున్నారు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. తగువుకు కారణం పుట్టిన నాటి నుంచి లెక్క నడుస్తుంది. ‘హెడ్ ఆఫీసుకు పంపాం, చూస్తున్నాం’ అంటూ కంపెనీ మెయిళ్లు పంపుతున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.